పత్తి కట్టెతో బొగ్గు ఎరువు: సిరొంచ తాలూకా నుంచి పని డైరీ

ఎందుకు మొదలైంది

మాది సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస. ప్రాణహిత, గోదావరి, ఇంద్రావతి మూడు వైపులా మమ్మల్ని చుట్టుకుని ఉంటాయి. సాత్‌బారా, అంటే భూమి పత్రం, మరాఠీలో ఉంటుంది, ఇంట్లో మాట తెలుగు. అంకీస, ఆసరెల్లి వైపు ఊళ్లలో వానాకాలం పంట అంటే వరి, పత్తి, మిర్చి. నదుల పక్కన నల్లరేగడి, అడవి అంచున ఎర్ర చెల్క. ఈ రెండు నేలల తేడానే ఈ డైరీ అంతటా వస్తుంది.

పత్తి ఏరడం అయిపోయాక చేనులో నిలబడే కట్టె గురించే ఈ పని. ఎకరాకు సుమారు ఒక టన్ను ఎండు కట్టె వస్తుంది. కొంత పొయ్యిలోకి పోతుంది, మిగిలినది గట్టున కుప్పేసి నిప్పు పెట్టడం అలవాటు. అలా కాలిస్తే బూడిదలో కాస్త పొటాష్ మిగులుతుంది. కట్టెలో ఉన్న కర్బనం, నత్రజని మాత్రం గాలిలో కలిసిపోతాయి.

కాల్చొద్దని చెప్పడం తేలిక. కానీ రైతు నిప్పు పెట్టడానికి గట్టి కారణమే ఉంది. గులాబీ రంగు పురుగు కట్టెకు వేలాడే ఎండు కాయల్లో, గింజల మధ్య నిద్రావస్థలో దాక్కుని వచ్చే పంట కోసం కాచుకుని ఉంటుంది. కాయ తొలిచే పురుగులను చంపే జన్యువు పెట్టిన బీటీ పత్తి మన దేశంలోకి 2002లో వచ్చింది, రెండు జన్యువుల బోల్‌గార్డ్-2 వచ్చింది 2006లో. పదేళ్లు తిరక్కుండానే గులాబీ పురుగు రెండింటినీ తట్టుకోవడం నేర్చుకుంది. 2017లో విదర్భ పత్తిని ఈ పురుగు ఎలా తినేసిందో, మందు కొడుతూ యవత్‌మాల్ జిల్లాలో ఎంతమంది కూలీలు, రైతులు ప్రాణాలు పోగొట్టుకున్నారో ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. డిసెంబర్‌కల్లా పంట ముగించండి, ఫర్దడ్ (ఏరిన చేనుకే మళ్లీ నీళ్లు పెట్టి తీసే రెండో కాపు) ఉంచొద్దు, కట్టె చేనులో నిలవ పెట్టొద్దు అని వ్యవసాయ శాఖ అప్పటి నుంచి చెబుతూనే ఉంది.

అంటే కట్టె పోవాలి, పురుగు చావాలి, కర్బనం మాత్రం నేలలో ఉండాలి. మూడూ జరిగే దారి బయోచార్. అందరికీ అర్థమయ్యేలా మేం బొగ్గు ఎరువు అంటున్నాం. గాలి తగలకుండా కట్టెను మాడిస్తే బొగ్గవుతుంది. అందులోని కర్బనం నేలలో చాలావరకు వందల ఏళ్లు కుళ్లకుండా ఉంటుంది. అమెజాన్ అడవుల్లో పూర్వపు జనం బొగ్గు, ఇంటి చెత్త కలిపి తయారుచేసిన నల్లమట్టి ఇప్పటికీ సారంగా ఉండటం చూసే శాస్త్రవేత్తలు దీని వెంట పడ్డారు. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల కమిటీ కూడా గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను తీసి దాచే పద్ధతుల్లో దీన్ని లెక్కలోకి తీసుకుంది.

ఈ పనిలో ఉన్నది కొద్దిమంది చిన్న రైతులు, ఒక మహిళా బచత్ గట్ (పొదుపు సంఘం), నేను.

డిసెంబర్ 2024

ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనుగోలులో పొడుగు పింజ పత్తికి ఈసారి మద్దతు ధర క్వింటాకు 7,521 రూపాయలు. ధర ఇంకా పెరుగుతుందేమో చూద్దామని కొందరు ఆఖరు కాయలు ఏరకుండా ఆగారు. పక్క చేను రైతు, మేం కాక (బాబాయి) అని పిలిచే ఆయన, అయితే నీళ్లు పెట్టి ఫిబ్రవరి దాకా ఉంచుతానన్నాడు. ఆయనతో వాదించి లాభం లేదని రాలిన కాయలు నాలుగు తీసి, చీల్చి, అరచేతిలో పెట్టాం. గులాబీ పురుగు రెండు గింజలను దగ్గరికి లాగి దారంతో కుట్టుకుని మధ్యలో పడుకుని ఉంది. ఆయన చాలాసేపు చూశాడు. మర్నాడు కూలీలతో మాట్లాడుకుని కట్టె పీకించడానికి సిద్ధమయ్యాడు.

కట్టె పీకడానికి ఇనుప పట్టకారు లాంటి పనిముట్టు వాడాం. మొదలు పట్టుకుని కాలితో పిడిని తొక్కితే వేరుతో సహా వస్తుంది. చెల్కలో హాయిగా వచ్చింది. రేగడి అప్పటికే గట్టిపడి నెర్రెలిచ్చింది, అందులో నడుము విరిగేంత కష్టం. రేగడిలో కట్టె పీకే పని ఆఖరు తేమ ఉండగానే కానిచ్చేయాలి.

వేళ్ల మట్టి దులపడం చిన్న పనిలా కనిపిస్తుంది కానీ వదిలేయకూడదు. మట్టి పట్టిన వేరు సరిగా మాడదు, పైగా తూకంలో మట్టినీ బొగ్గు కింద లెక్కేసుకుంటాం.

జనవరి మొదటి సగం: గుంత

ఇనుప బట్టీ కొనే స్తోమత లేదు, అవసరమూ లేదు. మేం ఎంచుకున్నది గరాటు ఆకారపు మట్టి గుంత. పైన నోరు ఒకటిన్నర మీటర్ల వెడల్పు, లోతు రెండున్నర అడుగుల పైచిలుకు, కింద సన్నగా, పక్కలు నిటారుగా కాక వాలుగా ఉండాలి. కోన్-టికి అనే పేరుతో 2014లో ఇథాకా సంస్థ వాళ్లు ప్రచారంలోకి తెచ్చిన లోహపు బట్టీకి ఇది మట్టి రూపం. నేపాల్ రైతులు గుంతలతోనే చేస్తున్నారు.

ఇది పనిచేసే తీరు ముందే బాగా అర్థం చేసుకోవాలి. పైన మండే మంటే గాలిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. దాని కింద ఉన్న బొగ్గుకు గాలి అందదు కాబట్టి బూడిద కాదు. కట్టె నుంచి లేచే పొగ వాయువులు పైకి వస్తూ ఆ మంటలోనే కాలిపోతాయి. అందుకే నిప్పు కింద నుంచి కాదు, పై నుంచి పెట్టాలి. మధ్యలో కట్టెను అడ్డదిడ్డంగా గూడులా పేర్చి, దాని నెత్తిన అంటించాలి. నిప్పులు కిందికి దిగాక లావు మోళ్లు, వేరు ముక్కలు ముందు వేయాలి, సన్న కొమ్మలు తర్వాత. పైవరుస మీద తెల్లటి బూడిద పొర సన్నగా కనిపించగానే కొత్త వరుస. ముందు వేస్తే మంట ఊపిరాడక పొగ, ఆలస్యం చేస్తే బొగ్గు బూడిద.

గుంతలు చెల్క చేను వైపే తవ్వాం. నేల గట్టిగా, ఎత్తుగా ఉంది, పక్కన గడ్డి లేదు, బోరు దగ్గర. గడ్చిరోలిలో అడవి జిల్లా విస్తీర్ణంలో మూడింట రెండు వంతులకు పైనే. అడవి అంచున ఎవరైనా గుంత తవ్వి బొగ్గు చేస్తుంటే అటవీ సిబ్బందికి అనుమానం రావడం సహజం. ఒక గార్డు వచ్చి కూపీ లాగాడు. టేకు ముక్కో, ఇప్ప కొమ్మో ఉందేమోనని కుప్పంతా వెతికాడు. ఆయన వెళ్లాక గ్రామసభలో ఒక మాట రాయించాం: గుంతలో పడేది పత్తి, కంది, మిర్చి కట్టె మాత్రమే, అడవి పుల్ల ఒక్కటి కూడా వేయకూడదు. కాగితం కోసమే రాయించిన మాట కాదిది. అడవి నరికి బొగ్గు చేసి నేలలో పూడ్చిపెడితే దాన్ని పర్యావరణం పని అని నేను అనలేను.

జనవరి రెండో సగం: కాల్చడం

డిసెంబర్ చివర పడిన చినుకులకు కుప్ప లోపల కట్టె చెమ్మగిల్లి ఉంది. దాంతో వేసినప్పుడు తెల్లటి దట్టమైన పొగ వచ్చి ఊరి వైపు పాకింది. కళ్ల మంట ఒక్కటే కాదు, ఆ తెల్లపొగలో మీథేన్ కూడా ఉంటుంది. వాతావరణానికి అది కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు చెడ్డది. అందుకని ఆ విడత అక్కడితో ఆపి, కట్టెను కల్లంలో పరిచి ఎండబెట్టాం. విరిస్తే టప్‌మని శబ్దం రావాలి, వంగితే ఇంకా ఎండాలి. ఈ పరీక్షకు ఏ మీటరూ అక్కర్లేదు.

ఎండిన కట్టెతో పొగ దాదాపు కనబడలేదు. నీలం కలిసిన పసుపు మంట నిలువుగా లేచింది. నాలుగైదుగురు కలిసి ఒక పూట పని చేస్తే గుంత నిండింది. ఏరి వేరుగా పెట్టిన ఎండు కాయలన్నీ మంట బాగా అందుకున్నాక అందులోనే పోశాం. ఈ పనంతటిలో నాకు ఎక్కువ తృప్తినిచ్చిన ఘడియ అదే. పక్క చేను కాక కూడా అప్పుడు అక్కడే ఉన్నాడు.

ఆర్పడం మీదే నాణ్యత ఆధారపడి ఉంటుంది. రెండు మూడు డ్రమ్ముల నీళ్లు ముందే నింపి పెట్టుకున్నాం, కొంత నీటిలో పేడ కలిపాం. నీరు పోస్తున్నప్పుడు లేచే ఆవిరి చర్మం ఊడదీసేంత వేడిగా ఉంటుంది, గాలికి ఎదురుగా నిలబడకూడదు. ఆరిందనుకున్న బొగ్గు అడుగున రాత్రంతా రగిలి తెల్లారేసరికి బూడిదైపోగలదు. కర్రతో కలియబెట్టి, చేయి పెట్టగలిగేంత చల్లబడ్డాకే కదిలాం. పొడి బొగ్గు దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, అందుకే ఎప్పుడూ తడిగానే ఉంచి ఎత్తాలి.

లెక్క: గుంతకు సుమారు అర టన్ను కట్టె పడుతుంది. ఆరబెట్టి తూస్తే దిగుబడి కట్టె బరువులో ఐదో వంతుకు కాస్త అటూ ఇటూ. అంటే ఎకరా కట్టెకు రెండు గుంతల పని, దాదాపు రెండు క్వింటాళ్ల బొగ్గు.

ఫిబ్రవరి: పొయ్యి సంగతి

ఈ నెలలో గుంతలు ఖాళీగానే ఉన్నాయి. జరిగినదంతా మాటలే. అయినా ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన నెల ఇదే అని నా నమ్మకం.

గట్ సమావేశంలో ఒక వదినె అడిగింది: "కట్టె అంతా గుంతల పోస్తె వానాకాలం పొయ్యి దేనితోటి వెలిగియ్యాలె?" ఉజ్వల పథకం 2016లో మొదలైంది, సిలిండరు చాలా ఇళ్లలో ఉంది. కానీ నింపించుకునే డబ్బు ప్రతి నెలా ఉండదు. నీళ్లు కాచడానికి, పశువుల కుడితికి, వడ్లు ఉడకబెట్టడానికి కట్టె పొయ్యే. పత్తి కట్టె మగవాళ్ల లెక్కలో చెత్త. ఆడవాళ్ల లెక్కలో మాత్రం ఆరు నెలల వంటచెరకు.

మనం పొయ్యి కట్టెను లాక్కుంటే వాళ్లు అడవికి పోతారు. నెత్తిన మోపు, కాళ్లకు ముళ్లు, పులి భయం. అడవి పుల్ల పొయ్యిలోకి, పత్తి కట్టె గుంతలోకి పోతే వాతావరణానికి జరిగిన మేలు సున్నా, ఒక్కోసారి కీడే. కార్బన్ లెక్కలు వేసేవాళ్లు దీన్ని లీకేజీ అంటారు. ఇక్కడ అది ఒక మనిషి మెడనొప్పి కూడా.

చాలాసేపు మాట్లాడాక తేలినవి ఇవి. మొదటి వాటా పొయ్యిదే. ప్రతి ఇల్లూ తనకు వానాకాలానికి ఎంత కట్టె కావాలో ముందే పక్కన పెట్టుకుంటుంది, ఎంత అన్నది ఆ ఇంటి ఆడవాళ్లే చెబుతారు. అలా నిలవ చేసే కట్టె నుంచి మాత్రం కాయలు, సన్న కొమ్మలు దులిపేయాలి. పురుగు ఉండేది వాటిలోనే, మొదలు మోళ్లలో కాదు. దులిపినవి గుంతకు వస్తాయి. మిగిలిన కట్టె, అంటే ఎక్కువ భూమి ఉన్నవాళ్ల చేను గట్ల మీద ఊరికే కాలిపోయేదే మా ముడిసరుకు.

కూలీ మాట కూడా అప్పుడే తెగింది. సొంత చేను కట్టె అయితే బదులు పని, ఒకరి చేనులో ఒకరు కూలీ లేకుండా చేసుకోవడం. పెద్ద రైతు చేనులో అయితే ఆయన కట్టె పీకించడానికి ఎలాగూ ఇచ్చే కూలీ గట్‌కు ఇస్తాడు, బొగ్గులో సగం గట్‌ది. ఈ సగం దగ్గర కాస్త ఘర్షణ జరిగింది. నా కట్టె, నా చేను, బొగ్గు మీకెందుకు అన్నారొకరు. మీరు నిప్పు పెట్టి బూడిద చేసేదే కదా అని ఒక అవ్వ అంది. తర్వాత ఆయనేమీ అనలేదు.

హరిత ఆర్థికం అని పెద్ద మాటలు వింటున్నాం. మా ఊళ్లో అది అడవి అంచున అర ఎకరం, ఎకరం ఉన్న ఆడవాళ్ల చేతికి రూపాయో, ఎరువో అందినప్పుడే ఆ మాటకు అర్థం ఉంటుంది. లేకపోతే పెద్ద కమతం ఉన్నవాడికి ఇంకో సబ్సిడీ.

మార్చి: బొగ్గుకు మేత

పచ్చి బొగ్గును నేరుగా చేనులో చల్లితే మొదటి పంటకు నష్టమే. దాని సూక్ష్మ రంధ్రాలు చుట్టుపక్కల నత్రజనిని పీల్చేసుకుంటాయి, మొక్క పసుపెక్కుతుంది. కాబట్టి ముందే దాని కడుపు నింపాలి. రోట్లోనూ, గోనెసంచిలో వేసి కర్రతోనూ కొట్టి వేలి గోరంత ముక్కలు చేశాం. మాగిన పేడ ఎరువు బొగ్గుకు సమానంగా కలిపి, ఆవు మూత్రం, జీవామృతం పోసి, చింతచెట్టు నీడన కుప్ప పెట్టాం.

జీవామృతం మాకు కొత్త కాదు. దాన్ని జనంలోకి తెచ్చిన సుభాష్ పాలేకర్ అమరావతి జిల్లా మనిషి, విదర్భవాడే. 200 లీటర్ల డ్రమ్ములో పది కిలోల పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి, చేను గట్టు మట్టి పిడికెడు. నదికి అవతల తెలంగాణ చుట్టాల దగ్గర చేసేది కూడా ఇదే.

కుప్పను వారానికొకసారి తిరగేస్తూ చెమ్మ ఆరకుండా చూశాం. నెల దాటేసరికి బొగ్గు వాసన పోయి తడిమట్టి వాసన వచ్చింది, లోపల వానపాములు చేరాయి. నేపాల్‌లో గుమ్మడి మీద చేసిన ప్రయోగం 2015లో అచ్చయింది. ఆవు మూత్రంలో నానబెట్టిన బొగ్గును తక్కువ మోతాదులో వేరు దగ్గరే వేస్తే, ఒట్టి మూత్రం వేసినదానికంటే దిగుబడి ఎన్నో రెట్లు వచ్చిందట. ఆ అంకె చెప్పి మా రైతులను ఊరించలేదు. ఒక పంట, ఒక నేల సంగతి అది. కానీ తక్కువ బొగ్గు, వేరు దగ్గరే వేయాలనే పద్ధతి మాత్రం తీసుకున్నాం.

ఏప్రిల్, మే: ఏ నేలకు

మట్టి పరీక్షలు వచ్చాయి. రేగడి నమూనాల్లో పీహెచ్ (ఏడు దాటితే క్షారం, తగ్గితే ఆమ్లం) ఎనిమిదికి పైన. చెల్క ఆరు, ఆరున్నర మధ్య, సేంద్రియ కర్బనం చాలా తక్కువ. మా బొగ్గును నీటిలో నానబెట్టి పీహెచ్ కాగితంతో చూస్తే తొమ్మిది దాకా చూపించింది. బొగ్గు బూడిద గుణం అది, క్షారం.

ఇక నిర్ణయం కష్టం కాలేదు. బొగ్గంతా చెల్కకే. ఇప్పటికే క్షారంగా ఉన్న రేగడిలో ఇంకా క్షారం పోస్తే జింకు, ఇనుము మొక్కకు అందకుండా పోయే ప్రమాదం ఉంది. పైగా రేగడి నీటిని తనే పట్టి ఉంచుతుంది, దానికి బొగ్గు సాయం అంతగా అక్కర్లేదు. చెల్క వేరు. పడిన వాన పడినట్టే జారిపోతుంది, పది రోజులు వాన లేకపోతే మొక్క తల వాల్చేస్తుంది. 2023 ఆగస్టు గుర్తుంది కదా, దేశమంతటా 1901 నుంచి అంత పొడి ఆగస్టు లేదని వాతావరణ శాఖ చెప్పింది. మా చెల్క పత్తి పూత రాల్చింది అప్పుడే. అంతకు ముందు ఏడు, 2022 జూలైలో, గోదావరి, ప్రాణహిత పొంగి రేగడి చేలన్నీ నీళ్లలో ఉన్నాయి. ఒక ఏడు వరద, మరో ఏడు ఎండ. చిన్న రైతు రెండింటికీ సిద్ధపడాల్సి వస్తోంది.

రేగడి రైతులకు ఏం చెప్పాలి? ట్రాక్టరుతో కట్టెను ముక్కలు చేసే యంత్రం దొరికేవాళ్లు ఆ ముక్కలను తేమ ఉండగా నేలలోనే కలిపేయడం మేలు. బొగ్గు చేసి చెల్క రైతుకు ఇవ్వడం ఇంకా మేలు. బొగ్గు అన్ని నేలలకూ అమృతం అని చెప్పే ప్రచారం నాకు నచ్చదు.

మోతాదు లెక్క కూడా నిజాయితీగా చూసుకోవాలి. ఎకరాకు నాలుగు క్వింటాళ్ల చొప్పున సాలులో వేద్దామనుకుంటే, ఎకరా కట్టె నుంచి వచ్చే బొగ్గు అర ఎకరాకే సరిపోతుంది. ఒక ఊరి చెల్కంతా నల్లబడటానికి చాలా ఏళ్లు పడుతుంది. పడనీ. వేసిన బొగ్గు ఏటా కొట్టుకుపోయే యూరియా లాంటిది కాదు, అది అక్కడే ఉంటుంది.

జూన్ 2025

ఈసారి రుతుపవనాలు మే 24నే కేరళకు వచ్చాయి, 2009 తర్వాత అంత ముందుగా రావడం ఇదే. టీవీలో ఆ మాట వినగానే జనం విత్తనాల కొట్టుకు పరుగెత్తారు. మే నెలాఖరుకు రుతుపవనాలు ఎక్కడివక్కడే నిలబడిపోయి, జూన్ సగం దాకా కదలలేదు. తొలకరిని నమ్మి తొందరపడినవాళ్లకు టెన్షనే టెన్షన్.

మేం జూన్ మూడో వారం దాకా ఆగాం. ఒకే చెల్క చేనులో మూడు రకాల మడులు వేశాం: బొగ్గు కలిపిన ఎరువు, బొగ్గు లేని అదే ఎరువు అంతే మోతాదు, ఎప్పటి పద్ధతి. రెండోది తప్పనిసరి. లేకపోతే పేడ, జీవామృతం చేసిన మేలును కూడా బొగ్గు ఖాతాలో రాసేస్తాం. మూడు రకాలనూ పక్కపక్కనే సాళ్లు మార్చి మార్చి వేశాం, చేనులో ఒకవైపు నేల బాగుండి ఫలితం తారుమారు కాకుండా. పత్తి సాళ్ల మధ్య ఎనిమిది వరుసలకొకటి చొప్పున కంది వేశాం.

సాలు తీసి, పిడికెడు పిడికెడుగా బొగ్గు ఎరువు వేసి, మట్టి కప్పి, పైన గింజ. ఈ పని అంతా ఆడవాళ్లే చేశారు. సాయంత్రానికి చేతులు, మొహాలు నల్లబడిపోయి ఒకరిని చూసి ఒకరు పడీ పడీ నవ్వారు.

జూలై, ఆగస్టు

మొలక మూడింటిలోనూ బాగానే ఉంది, మొలవని చోట మళ్లీ గింజ పెట్టి పోగుంటలు నింపడం అన్నింట్లో ఒకేలా పట్టింది. తేడా కనిపించింది వాన విరామంలో. మధ్యాహ్నం ఎండకు ఎప్పటి పద్ధతి సాళ్లలో ఆకులు వాలుతుంటే, ఎరువు పడిన రెండు రకాలూ నిలబడ్డాయి. ఆ రెండింటిలో బొగ్గు ఉన్న సాలు మట్టి పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టింది, లేనిది పొడిపొడిగా రాలింది. ఇంతవరకే నేను ధైర్యంగా చెప్పగలిగేది. దిగుబడి గురించి పత్తి ఏరాక మాట్లాడాలి.

ఒక సంస్థ మనిషి కార్బన్ క్రెడిట్ల (గాలిలోకి పోకుండా ఆపిన కార్బన్‌ను లెక్కగట్టి కంపెనీలకు అమ్మడం) ఒప్పందం కాగితాలు పట్టుకుని వచ్చాడు. ఈ వ్యాపారం నిజమైనదే. గూగుల్ కంపెనీ మన దేశపు వరాహ సంస్థ నుంచి 2030 నాటికి లక్ష టన్నుల మేరకు బయోచార్ క్రెడిట్లు కొంటానని 2025 జనవరిలో ఒప్పుకుంది. మన ప్రభుత్వం కూడా కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకాన్ని 2023లో నోటిఫై చేసింది. గట్ అక్కలకు ఆశ పుట్టింది, పుట్టాలి కూడా.

లెక్క పలక మీద వేశాం. ఎకరా కట్టె నుంచి రెండు క్వింటాళ్ల బొగ్గు. అందులో కర్బనం 70 శాతం అనుకుంటే 140 కిలోలు. కిలో కర్బనం గాలిలోకి పోతే 3.67 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అంటే అర టన్నుకు కాస్త పైన. కాల్చేటప్పుడు లేచిన మీథేన్, కాలక్రమంలో నేలలో కరిగిపోయే భాగం తీసేస్తే ఇంకా తగ్గుతుంది. ఊరంతా కలిస్తే కొన్ని పదుల టన్నులు. దాని మీద ఫొటోలు, తూకాలు, ల్యాబు పరీక్ష, తనిఖీ చేసేవాళ్ల ఖర్చు. కట్టె సరిగా బొగ్గయిందనడానికి అందులో హైడ్రోజన్, కర్బనం అణువుల నిష్పత్తి 0.7 లోపు ఉండాలన్నది ప్రమాణం, అది గుంతలో చూసి చెప్పేది కాదు.

ఒప్పందం ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పమంటే అతను నాలుగు మాటల్లో తేల్చేశాడు. గట్ నాలుగు విషయాలు అడిగింది. కాగితం తెలుగులోనో మరాఠీలోనో కావాలి. రూపాయిలో ఎన్ని పైసలు కట్టె పీకిన చేతికి వస్తాయో అందులో రాసి ఉండాలి. బొగ్గు మా చెల్కలోనే ఉండాలి, బయటికి పోకూడదు. పొయ్యి వాటాను ముట్టుకోకూడదు. మళ్లీ వస్తానని వెళ్లాడు. వస్తే మాట్లాడతాం. ఆ డబ్బు వస్తే మంచిదే, రాకపోయినా మాకు పురుగు తగ్గాలి, చెల్క తడి నిలుపుకోవాలి. ఈ పని ఆ డబ్బు మీద ఆధారపడితే ధర పడిన ఏడాది గుంతలు పూడిపోతాయి.

సెప్టెంబర్

కేంద్రం ఆగస్టులో పత్తి దిగుమతి సుంకం ఎత్తేసింది, డిసెంబర్ ఆఖరు దాకా పొడిగించింది కూడా. పొడుగు పింజకు మద్దతు ధర 8,110 అని ప్రకటించినా బయట మార్కెట్లో అంత పలుకుతుందా అని అందరికీ గుబులు. ధర మీద దిగులున్న ఏడాది రైతు ఆఖరు కాయ దాకా చేనులో ఉంచుతాడు, నీళ్లుంటే ఫర్దడ్ వేస్తాడు. పురుగుకు అదే పండగ. ఢిల్లీలో ఎత్తేసిన సుంకానికీ మా చేనులో నిలిచిన కట్టెకూ ఇంత దగ్గర సంబంధం ఉంది. కాబట్టి ఈసారి కాయలు చీల్చి చూపించే పని డిసెంబర్ దాకా ఆపకుండా దసరా కాగానే మొదలుపెడుతున్నాం. మగ పురుగులను వాసనతో రప్పించే లింగాకర్షక బుట్టల్లో పడే రెక్కల పురుగుల లెక్క గట్‌లో చదువుకున్న ఒక చెల్లె రాస్తోంది.

ఈ ఏడు పక్క ఊరి వాళ్లు కూడా ఒక గుంత అడిగారు. స్థలం చూసి వచ్చాం. బోరుకు దూరం, గడ్డి ఎక్కువ. గట్టు అవతలి స్థలం అయితే బాగుంటుందని చెప్పాం. గ్రామసభ రాత లేకుండా తవ్వొద్దని కూడా చెప్పాం.

పత్తి ఏరడం మొదలైతే మూడు మడుల పత్తి కలిసిపోయే ప్రమాదం ఉంది. సంచులకు మూడు రంగుల తాళ్లు కడదామని అక్కలు అన్నారు. బొగ్గు మడికి నల్లతాడు, ఎరువు మడికి పచ్చతాడు, ఎప్పటి పద్ధతికి తెల్లతాడు. తూకం రైతు ఇంటి దగ్గర కాదు, చేనులోనే, ముగ్గురి ఎదుట. తూకంకాటా అంకీస నుంచి తెస్తానని కాక మాటిచ్చాడు.